మెడ మీది నలుపు మట్టి కాదు, రుద్దితే పోదు

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు. మెడ వెనక నల్లబడింది, సున్నిపిండితో ఎంత రుద్దినా పోవడం లేదు. పొడుగు సాగితే ఒళ్లు అదే తగ్గుతుందని మా అత్తమ్మ అంటోంది. లావుంటే ఇప్పటినుంచే రక్తనాళాలు పాడవుతాయంటున్నారు. నిజమేనా? టెన్షన్‌గా ఉంది.
– ఓ తల్లి, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ రుద్దడం ఆపండమ్మా, పిల్లాడి చర్మం ఒరుసుకుపోతుంది. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ సరిగా పనిచేయక ఒంట్లో ఎక్కువైనప్పుడు మెడ మడతల్లో, చంకల్లో చర్మం ఇలా మఖమల్ గుడ్డలా మందంగా, నల్లగా మారుతుంది. షుగర్ వచ్చేసిందని కాదు గానీ, అటువైపు అడుగులు పడుతున్నాయని. బాబు బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, 27 దాటింది. ఆ వయసుకు ఇది ఊబకాయమే.

రక్తనాళాల మాట నిజం. మన ఒంట్లో అతి సన్నని నాళాలు వెంట్రుకలో పదో వంతు కూడా ఉండవు. ఎర్ర కణాలు వాటిలో ఒకదాని వెనక ఒకటి దూరి వెళ్లాల్సిందే. నాళాల లోపలి పొర నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వాటిని వదులుగా ఉంచుతుంది. కొవ్వు పెరిగితే అది తగ్గి, నాళాలు బిగుసుకుంటాయి. లావుగా ఉన్న పిల్లల కంటి లోపలి వెనక పొర (రెటీనా) ఫొటోల్లో సన్న ధమనులు ఇరుకుగా కనిపించాయి. నొప్పి ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు.

కానీ ఈ వయసులో ఆ పొర కోలుకుంటుంది. కొన్ని నెలలు క్రమం తప్పకుండా వ్యాయామం చేసిన పిల్లల్లో బరువు పెద్దగా తగ్గకపోయినా నాళాల పనితీరు మెరుగుపడింది. అందుకే బాబును రోజూ గంటసేపు చెమట పట్టేలా ఆడనివ్వండి. ట్యూషన్ కోసం ఆ గంట తీసేయకండి.

మీ అత్తమ్మ మాటలో సగం నిజముంది. బరువు ఇక్కడే ఆగి ఎత్తు పెరిగితే మేలే. ఆగాలంటే తిండి మారాలి. మన నల్లగొండ బత్తాయిని రసం తీసి చక్కెర కలిపి ఇవ్వకండి. గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పడతాయి, తొనలు ఒలిచిస్తే ఒకటి రెండు కాయలకే చాలంటాడు. బడి నుంచి రాగానే చిప్స్ బదులు శనగ గుడాలు, రాత్రికి ఇంటిల్లిపాదికీ జొన్న రొట్టె, కూర. వాడొక్కడికే వేరే తిండి వద్దు, పస్తులు అసలే వద్దు. బొండాం అని ఎవరినీ పిలవనివ్వకండి.

ఈ వారమే పిల్లల డాక్టర్ దగ్గర బీపీ చూపించండి. బాబు చేతికి సరిపోయే పట్టీతోనే కొలవాలి, చిన్న పట్టీ కడితే బీపీ లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది. పరగడుపున షుగర్, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయించండి. దాహం ఎక్కువై, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేస్తుంటే మాత్రం అదే రోజు వెళ్లండి. ఇంట్లో టేపుతో నడుము కూడా కొలవండి. ఎత్తులో సగం, అంటే 69 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మూడు నెలలకోసారి మళ్లీ కొలిచి రాసిపెట్టుకోండి.