ఓడగానే ‘మళ్లీ ఆడు’ నొక్కకండి

చదరంగం సైట్ లిచెస్‌లో స్టాక్‌ఫిష్ ఇంజిన్ (చదరంగం ఆడే ప్రోగ్రామ్) ఆరో లెవెల్ చేతిలో నెలరోజులుగా ఓడుతున్నా ఆట మెరుగవలేదన్నారు కదా. ముందు మూడో లెవెల్‌కి దిగండి, నామోషీ ఏం లేదు. పూర్తి బలంతో ఆడితే స్టాక్‌ఫిష్‌ను మాజీ ప్రపంచ చాంపియన్ కార్ల్‌సనే గెలవలేడు.

అసలు పని ఆట అయ్యాకే ఉంది. ఇంజిన్ ఆపేసి, ఎక్కడ చెడిందో మీరే వెతకండి. తర్వాత కంప్యూటర్ విశ్లేషణ తీసుకుని ‘మీ తప్పుల నుంచి నేర్చుకోండి’ అన్న ఆప్షన్ నొక్కండి. తప్పు ఎత్తు వేసిన చోటికే తీసుకెళ్లి, మంచిది మిమ్మల్నే కనుక్కోమంటుంది. ఉచితమే.

ఇంకో మాట. లెవెల్ తగ్గించిన ఇంజిన్ మనిషిలా పొరబడదు; చక్కగా ఆడుతూ ఉన్నట్టుండి గుర్రాన్ని ఊరికే ఇచ్చేస్తుంది. మనుషుల ఆటలతో శిక్షణ ఇచ్చిన ‘మాయా’ బాట్లు (కంప్యూటర్ ఆటగాళ్లు) లిచెస్‌లోనే ఉన్నాయి, వాటితో ఆడి చూడండి. ఒకటి రెండు నిమిషాల ‘బుల్లెట్’ ఆటలు మాత్రం ఇప్పుడే వద్దు, 15+10 (ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకీ అదనంగా 10 సెకన్లు) పెట్టుకోండి.