ముందు కరెంటు, తర్వాత కార్డు, ఆ తర్వాతే కోడ్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీదే (పై 4, పై 5 అన్నవి దాని మోడళ్లు). బోర్డు పోయిందని బెంగపడుతూ రాసినవాళ్లే చాలామంది, కానీ వాళ్లు చెప్పిన లక్షణాలు చూస్తే బోర్డు బాగానే ఉన్నట్టుంది. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను.

ప్రశ్న: సార్, కొత్తగా పై 4 తీసుకున్నాను. ఓఎస్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి మెమరీ కార్డులోకి కాపీ చేశాను. ఎర్ర లైటు వెలుగుతోంది గానీ పచ్చ లైటు సరిగా మినుకుమనడం లేదు, మానిటర్ మీద బొమ్మ రావడం లేదు. బోర్డు పోయినట్టేనా?

జవాబు: అంత తొందరగా అనుకోకండి. ఎర్ర లైటు అంటే కరెంటు అందుతోందని, అంతే. పచ్చ లైటు కార్డుతో పని జరుగుతున్నప్పుడు మినుకుమంటుంది. మీరు చేసిన పొరపాటు ఫైల్‌ని కాపీ చెయ్యడం. ఆ ఇమేజ్ ఫైల్‌లో పార్టిషన్లతో (కార్డులోని విభాగాలతో) సహా ఒక కార్డు మొత్తానికి నకలు ఉంటుంది, దాన్ని విప్పి కార్డు మొదటి నుంచి రాయాలి గానీ ఉన్నదున్నట్టు లోపల పడేస్తే బోర్డుకి అందులో ఓఎస్ కనిపించదు. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అని వాళ్ల సొంత ప్రోగ్రామే ఉంది, ఉచితం. దాంట్లో బోర్డు, ఓఎస్, కార్డు ఎంచుకుంటే మిగతాది అదే చూసుకుంటుంది. చివర్లో వెరిఫై చేస్తుంది, దాన్ని స్కిప్ చెయ్యకండి, కార్డు నాసిరకమైతే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

ఆ తర్వాత కూడా బొమ్మ రాకపోతే కార్డు తీసేసి, మానిటర్ ముందు ఆన్ చేసి, ఖాళీ బోర్డుకే కరెంటు ఇవ్వండి. పై 4, పై 5 బోర్డుల్లో బూట్‌లోడర్ (ఆన్ చెయ్యగానే ముందు నడిచి ఓఎస్‌ని మొదలెట్టే ప్రోగ్రామ్) కార్డులో కాదు, బోర్డు మీదే చిన్న చిప్‌లో ఉంటుంది కాబట్టి కార్డు లేకపోయినా తెర మీద తన పరిస్థితి రాసి చూపిస్తుంది. ఆ తెర వచ్చిందంటే బోర్డు, మానిటర్, హెచ్‌డీఎంఐ కేబుల్ మూడూ బాగున్నట్టే, గొడవంతా కార్డుది. రాకపోతే కేబుల్ ఏ పోర్టులో ఉందో చూడండి. రెండు మైక్రో హెచ్‌డీఎంఐల్లో పవర్ పోర్టు పక్కనున్నదే మొదటిది, అందులోనే పెట్టాలి. 2019లో వచ్చిన తొలి పై 4లకి ఈ తెర లేదు. వాటికి ఇమేజర్‌లోనే బూట్‌లోడర్ రికవరీ అని ఒక ఆప్షన్ ఉంటుంది, దాన్ని కార్డులో రాసి ఒకసారి బూట్ చేస్తే పచ్చ లైటు ఆగకుండా టకటకా కొట్టుకుంటుంది, పని అయిపోయినట్టే.

ప్రశ్న: తెర మూలన పసుపు మెరుపు గుర్తు వచ్చి పోతోంది. హార్డ్ డిస్క్ తగిలిస్తే బోర్డు రీస్టార్ట్ అవుతోంది. నాది 65 వాట్ల చార్జర్, పవర్ సమస్య అయ్యే ఛాన్సే లేదు కదా?

జవాబు: పవర్ సమస్యే. ఆ మెరుపు గుర్తుకి వేరే అర్థం లేదు, బోర్డు దగ్గర వోల్టేజి సుమారు 4.63 కంటే కిందికి జారిందని చెబుతోంది.

65 వాట్లు అన్నది చాలామందిని తప్పుదారి పట్టించే అంకె. అలాంటి చార్జర్ అన్ని వాట్లు ఇచ్చేది 20 వోల్టుల దగ్గర, అదీ లాప్‌టాప్ అడిగితేనే. పై అడిగేది 5 వోల్టులే. ఆ 5 వోల్టుల దగ్గర ఈ చార్జర్లు సాధారణంగా 3 ఆంపియర్ల దాకానే ఇస్తాయి, అంటే 15 వాట్లు. పై 4కి అది సరిపోతుంది. పై 5 మాత్రం 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కోరుకుంటుంది. అది దొరకకపోతే బూట్ అవుతుంది గానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లకే పరిమితం చేస్తుంది, 5 ఆంపియర్ల అడాప్టర్ ఉంటే 1.6 ఆంపియర్లు వదులుతుంది. సొంత పవర్ లేని హార్డ్ డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడే 600 దాటేస్తుంది, మరి పడిపోక ఏమవుతుంది? మీది ఏ మోడలో రాయలేదు. పై 5 అయితే దాని కోసమే చేసిన 27 వాట్ల అడాప్టర్ తీసుకోండి, లేదంటే డిస్క్‌ని సొంత పవర్ ఉన్న యూఎస్‌బీ హబ్ ద్వారా తగిలించండి.

పై 4 అయితే నా అనుమానం చార్జర్ కంటే కేబుల్ మీదే. సన్నటి, పొడుగాటి కేబుల్‌లో రానూపోనూ నిరోధం 0.2 ఓమ్‌లు ఉందనుకోండి, 3 ఆంపియర్లు లాగినప్పుడు 0.6 వోల్టులు దారిలోనే పోతాయి. అడాప్టర్ దగ్గర 5.1 ఉన్నా బోర్డుకి చేరేది 4.5. ఖాళీగా ఉన్నప్పుడు బోర్డు లాగేది తక్కువ కాబట్టి ఏమీ తెలియదు, పని మొదలెట్టగానే మెరుపు వస్తుంది. అందుకే ఇది అప్పుడప్పుడూ వచ్చే జబ్బులా ఉంటుంది, మనమేమో సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం.

ఊహలతో పనిలేకుండా తేల్చుకోవాలంటే టెర్మినల్‌లో వీసీజెన్‌సీఎండీ కమాండ్‌కి గెట్ థ్రాటిల్డ్ అని జోడించి కొట్టండి (గెట్, థ్రాటిల్డ్ మధ్య స్పేస్ కాదు, అండర్‌స్కోర్). జవాబు సున్నా అయితే కరెంటు మీద అనుమానం వదిలేయొచ్చు. 50000 అని వస్తే, బూట్ అయ్యాక ఎప్పుడో ఒకసారి వోల్టేజి పడిపోయి వేగం తగ్గించుకుందని. 50005 అయితే ఈ క్షణాన కూడా అదే జరుగుతోంది.

ప్రశ్న: మానిటర్ లేకుండా వైఫై మీద వాడుకుందామని ఒక పాత వీడియో చూసి కార్డులో వైఫై పేరు, పాస్‌వర్డ్ రాసిన డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైల్ పెట్టాను. కనెక్ట్ అవ్వలేదు. లాన్ కేబుల్ పెట్టి చూస్తే పై, రాస్ప్‌బెర్రీ అనే యూజర్, పాస్‌వర్డ్ కూడా తీసుకోవట్లేదు. ఇంకో కార్డు కొనాలా?

జవాబు: కార్డు కాదు, వీడియో మార్చండి. మీరు చూసిన రెండు చిట్కాలకీ కాలం చెల్లింది. అందరికీ తెలిసిన ఆ డిఫాల్ట్ యూజర్‌ని 2022 ఏప్రిల్‌లో తీసేశారు, ఎందుకు తీశారో చెప్పక్కర్లేదు, ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన ఏ పై బోర్డులోకైనా ఎవరైనా దూరిపోయేవాళ్లు. 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వార్మ్ అనే ఓఎస్ వెర్షన్‌తో వైఫై పని నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ చేతికి వెళ్లింది, అప్పటి నుంచి ఆ సప్లికెంట్ ఫైల్‌ని అది పట్టించుకోదు.

ఇప్పుడు ఇదంతా ఇమేజర్‌లోనే ఇస్తాం. రాసే ముందు సెట్టింగ్స్ అడుగుతుంది: హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో బోర్డు పేరు), యూజర్, పాస్‌వర్డ్, వైఫై పేరు, ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి బోర్డు టెర్మినల్‌లోకి వెళ్లే దారి) ఆన్ చెయ్యాలా అని. వైఫై దేశం అనే గడిని ఖాళీగా వదలొద్దు. ఏ దేశంలో ఏ ఛానళ్లు వాడొచ్చో తెలిసేదాకా బోర్డు వైఫై రేడియోని ఆన్ చెయ్యదు. వైఫై పేరులో పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా పట్టింపే. పై 3బీ, జీరో డబ్ల్యూ, జీరో 2 డబ్ల్యూ లాంటివాటికి 2.4 గిగాహెర్ట్‌జ్ మాత్రమే కనిపిస్తుంది, రౌటర్‌లో 5 మాత్రమే ఆన్ చేసి ఉంటే ఎన్నిసార్లు రాసినా దొరకదు. మొదటి బూట్‌లో పార్టిషన్ పెంచుకోవడం లాంటి పనులుంటాయి, కొన్ని నిమిషాలు ఆగండి, మధ్యలో టెన్షన్ పడి ప్లగ్ పీకొద్దు. తర్వాత హోస్ట్‌నేమ్ చివర డాట్ లోకల్ చేర్చి ఎస్ఎస్‌హెచ్ చెయ్యండి. అలా దొరక్కపోతే రౌటర్ పేజీలో ఐపీ అడ్రస్ చూసి నేరుగా వెళ్లండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో పెడితే మాత్రం అందులోని పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా చాలా రౌటర్లు అడ్డుకుంటాయి.

ప్రశ్న: అల్ట్రాసోనిక్ సెన్సర్ హెచ్‌సీ-ఎస్ఆర్04ని నేరుగా జీపీఐఓ పిన్లకి (సెన్సర్లూ అవీ తగిలించే పిన్లకి) కలిపేయొచ్చా? ఆర్డుయినోలో అలాగే వాడాను.

జవాబు: వద్దు. ఈ ఒక్క విషయంలో మాత్రం బోర్డు నిజంగానే పోతుంది. ఆర్డుయినో ఊనో బోర్డు 5 వోల్టులది, పై బోర్డు పిన్లు 3.3 వోల్టులవి, 5 తట్టుకోవు. ట్రిగ్గర్ పిన్ నేరుగా కలపొచ్చు, అది బోర్డు నుంచి సెన్సర్‌కి వెళ్లేది. ఎకో పిన్ మాత్రం 5 వోల్టులు వెనక్కి పంపుతుంది. ఎకో నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్‌లు పెట్టి, రెండూ కలిసే చోటి నుంచి పిన్‌కి తీగ లాగండి, 3.3 వోల్టులే అందుతాయి. తీగలు మార్చే ప్రతిసారీ షట్‌డౌన్ చేసి ప్లగ్ తీయండి. ఎక్కువ పిన్లు కాలేది కోడ్ వల్ల కాదు, ఆన్‌లో ఉండగా జారిపోయే తీగ వల్ల.

ప్రశ్న: కొన్ని నెలలకోసారి కార్డు పాడైపోతోంది. రాత్రి స్విచ్ ఆపేస్తాను, పొద్దున బూట్ అవ్వదు.

జవాబు: స్విచ్ ఆపేసేది మీరే కదా! మీరు ఏమీ చెయ్యకపోయినా లైనక్స్ లాగ్‌లూ అవీ కార్డు మీద రాస్తూనే ఉంటుంది, సరిగ్గా ఆ రాత మధ్యలో కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ చెదురుతుంది. షట్‌డౌన్ ఇచ్చి పచ్చ లైటు హడావుడి ఆగాక ప్లగ్ తీయండి. పై 5 అయితే బోర్డు పక్కనే పవర్ బటన్ ఉంది. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేని చోట పెట్టాలంటే రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ ప్రోగ్రామ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చెయ్యండి, అప్పుడు రాతలన్నీ ర్యామ్‌లోనే జరిగి కార్డు జోలికి రావు. అయితే రీస్టార్ట్ చేస్తే ఆ రాతలన్నీ పోతాయి, డేటా దాచుకోవాల్సిన ప్రాజెక్టుకి ఇది పనికిరాదు, దానికి యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ నుంచి బూట్ చేసుకోవడమే నయం.

ఇంకో అనుమానం: కార్డు నకిలీదేమో. మీద 64 జీబీ అని ఉండి లోపల 8 ఉన్నవి తిరుగుతున్నాయి, నిండేదాకా బాగానే పనిచేస్తాయి. ఎఫ్3 అనే ప్రోగ్రామ్ కార్డంతా నింపి, మళ్లీ చదివి నిజం చెప్పేస్తుంది. అందులో ఉన్న డేటా మాత్రం ముందే వేరేచోట దాచుకోండి.

ప్రశ్న: పాత ఎల్ఈడీ ప్రోగ్రామ్ పై 5లో నడవట్లేదు, పై 4లో నడిచింది.

జవాబు: పై 5లో జీపీఐఓ పిన్లని ఆర్‌పీ1 అనే వేరే చిప్ చూసుకుంటుంది, పాత ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ లైబ్రరీకి ఆ చిప్ తెలియదు. కొత్తగా రాసేదైతే జీపీఐఓ జీరో అనే లైబ్రరీ వాడండి. పాత కోడ్ మార్చే ఓపిక లేకపోతే ఆర్‌పీఐ-ఎల్‌జీపీఐఓ వేసుకోండి, అవే పేర్లతో పనిచేస్తుంది, అయితే పాతదాన్ని ముందు తీసెయ్యాలి.

ప్రశ్న: బోర్డు ఆన్ చేసినప్పుడల్లా తేదీ పాతది చూపిస్తోంది, అప్‌డేట్ కొడితే ఫైల్ ఇంకా చెల్లదు అని ఎర్రర్.

జవాబు: పై 4 వరకూ బోర్డు మీద గడియారం చిప్ లేదు, నెట్ దొరికాకే టైమ్ తెచ్చుకుంటుంది. అప్పటిదాకా నిన్నటి తేదీలోనే ఉంటుంది కాబట్టి ఇవాళ సంతకం చేసిన ఫైల్ దానికి భవిష్యత్తులోదిలా కనిపిస్తుంది. కాసేపాగి మళ్లీ కొట్టండి. నెట్ లేని చోట వాడేటట్టయితే డీఎస్3231 గడియారం మాడ్యూల్ తగిలించండి. పై 5లో గడియారం ఉంది గానీ దాని బ్యాటరీ విడిగా కొనాలి.