రెండు అవుట్‌బోర్డులు పెట్టేటప్పుడు కేబుల్ పురి చూశారా?

డీప్-వీ (అడుగు లోతైన వీ ఆకారంలో ఉండే) రిమోట్ మోడల్ పడవకు రెండు అవుట్‌బోర్డ్ (పడవ వెనక బయట బిగించే) మోటార్లు ఎంత ఎత్తులో బిగించాలి, ఏ కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు) మోటార్లు కొనాలి అని అడిగారు. ఎత్తు సంగతి కింద చెప్తాను. అంతకన్నా ముందు మీరు అడగని విషయం ఒకటుంది. రెండు ప్రొపెల్లర్లూ ఎటు తిరగాలో తేల్చుకున్నారా?

నేను మొదటిసారి రెండింటినీ ఒకే దిక్కుకు తిరిగేలా బిగించాను. వెనక నుంచి చూస్తే రెండూ గడియారం ముల్లు తిరిగే వైపే. థ్రాటిల్ ఇచ్చినప్పుడల్లా పడవ ఎడమకు ఒరిగిపోయేది. ప్రొపెల్లర్ ఎటు తిరిగితే పడవ ఒళ్లు దానికి ఎదురుగా తిరగాలని చూస్తుంది మరి. రెండు మోటార్లయితే ఆ ఒరుగుడూ రెండింతలు. సరే, ఒకదాన్ని తిరగేద్దామనుకున్నాను. బ్రష్‌లెస్ మోటారు మూడు వైర్లలో ఏ రెండింటిని అటూ ఇటూ మార్చినా చాలు, ఎదురు దిక్కుకు తిరుగుతుంది. అటువైపు ప్రొపెల్లర్ కూడా ఎదురు దిక్కుదే తెచ్చి పెట్టాను. మొదటి రెండు రౌండ్లు పడవ గీత గీసినట్టు వెళ్లింది. నాకెంత ఆనందమో చెప్పలేను.

మూడో రౌండ్లో ఎడమ మోటారు నుంచి గరగరమని చప్పుడు. పడవ ఎడమకే సుడి తిరగడం మొదలుపెట్టింది. ఒడ్డుకు తెచ్చి మోటారు మూత (కౌల్) తీస్తే మాడిన గ్రీజు వాసన. మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ మీద వేలు పెట్టలేకపోయాను. మోటారు నుంచి ప్రొపెల్లర్‌ను తిప్పే వంగే తీగల కేబుల్, అంటే ఫ్లెక్స్ కేబుల్, ట్యూబులోంచి బయటికి రాలేదు, ప్లయర్లతో లాగాల్సి వచ్చింది. వచ్చాక చూస్తే పురి విప్పుకున్న తాడులా ఉంది. పై పొర తీగలు ఉబ్బి, ట్యూబు గోడకు రాసుకుని, ఒకచోట నల్లగా కమిలాయి.

తప్పు అప్పుడు తెలిసింది. ఫ్లెక్స్ కేబుల్‌కు పురి, అంటే తీగలు చుట్టుకున్న దిక్కు, ఉంటుంది. మోటారు తిప్పే దిక్కుకు ఆ పురి బిగుసుకోవాలి. ఎదురు దిక్కుకు తిప్పితే విడిపోతుంది, ఉబ్బి ట్యూబులో పట్టేస్తుంది. వైర్లు మార్చాను, ప్రొపెల్లర్ మార్చాను, కేబుల్ మాత్రం పాతదే ఉంచాను. ఎదురు తిరిగే వైపు కేబుల్ కూడా ఎదురు పురిదే ఉండాలి. ప్రొపెల్లర్ నట్టు కూడా చూసుకోండి. వదులైపోయే ప్రమాదం ఉంది, నైలాన్ లాక్ నట్ వేయండి.

ఇక్కడ నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి ఒకటి చెప్పాలి. ఆక్టురా ఎక్స్442 అంటే 42 మిల్లీమీటర్ల వ్యాసం, 1.4 పిచ్ నిష్పత్తి (ఒక చుట్టుకు ముందుకు జరగాల్సిన దూరం వ్యాసానికి 1.4 రెట్లు) అని ప్రొపెల్లర్ నంబరే చెప్పేస్తుంది. నేను కొన్న కేబుల్ ప్యాకెట్ మీద మాత్రం పురి ఎటో ఒక్క ముక్క లేదు. కాబట్టి చేత్తోనే చూసుకోండి. ప్రొపెల్లర్ వైపు కొసను గట్టిగా పట్టుకుని, రెండో కొసను మోటారు తిరిగే దిక్కుకే మెలిపెట్టండి. పై పొర బిగిస్తే సరైనది, తెరుచుకుంటే తప్పుది. బిగిసినప్పుడు కేబుల్ కాస్త పొట్టిదవుతుంది, అందుకని ప్రొపెల్లర్ ముందు దాన్ని పట్టి తిప్పే ముక్కకూ (డాగ్) గొట్టం కొసకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి.

ఏది ఎటు తిరగాలంటే, నేను ప్రొపెల్లర్ల పైభాగాలు బయటికి తిరిగేలా పెడతాను. పెద్ద పడవల జంట అవుట్‌బోర్డులకూ ఎక్కువగా ఇలాగే ఉంటుంది.

ఇక ఎత్తు. ఒకే మోటారయితే కీల్ (అడుగు నడిమి గీత) నుంచి కొలుస్తాం. రెండింటికి ఆ కొలత పనికిరాదు, ఎందుకంటే నడిమి నుంచి పక్కకు జరిగేకొద్దీ వీ అడుగు పైకి లేస్తుంది. డెడ్‌రైజ్ (వీ అడుగు పక్కలకు పైకి లేచే కోణం) 20 డిగ్రీలు, ఒక్కో మోటారు నడిమి నుంచి 55 మిల్లీమీటర్లు పక్కకు ఉందనుకోండి. ఆ చోట అడుగు కీల్ కంటే 20 మిల్లీమీటర్లు పైనుంటుంది. మోటారూ అంతే పైకి వెళ్లాలి. కేవిటేషన్ ప్లేటును (ప్రొపెల్లర్ పైనుండే అడ్డ పలక) సరిగ్గా ఆ చోటి అడుగుకు సమంగా పెట్టి మొదలుపెట్టండి, తర్వాత రెండేసి మిల్లీమీటర్లు పైకి జరుపుతూ చూడండి. వీడియోల్లో స్పీడు చూసి చాలామంది ఒకేసారి పైకెత్తేస్తారు. మలుపులో డీప్-వీ లోపలికి వాలుతుంది, బయటివైపు మోటారు పైకి లేచి గాలి తాగేస్తుంది, ఆ కేక ఒడ్డుదాకా వినిపిస్తుంది. మలుపులో కేక వేయని ఎత్తే సరైన ఎత్తు, తిన్నగా వెళ్లేటప్పుడు కాస్త స్పీడు పోయినా సరే.

కేవీ గురించి నేను పెద్దగా చెప్పను. అందరూ దాని గురించే అడుగుతారు, స్టీరింగ్ వదులు గురించి ఒక్కరూ అడగరు. మోటారు కింది కాలును రెండు వేళ్లతో పట్టుకుని కదిపి చూడండి. స్టీరింగ్ తిప్పే సర్వో కదలకుండా కాలు కదిలిందంటే, స్పీడులో పడవ అటూ ఇటూ ఊగిపోవడం ఖాయం. రెండు మోటార్లనూ కలిపే టై రాడ్ రెండు కొసలా బాల్ లింకులు (గుండు కీళ్లు) వేశాక నాకు ఆ బాధ పోయింది.

బ్యాటరీలు ఒక్కో మోటారుకు ఒక్కోటి ఇవ్వకండి. ఏది ముందు దిగితే ఆ ఈఎస్‌సీ ముందు కట్ అవుతుంది, పడవ చెరువు మధ్యలో గుండ్రంగా తిరుగుతుంది. ఒకే రకం ప్యాకులు రెండూ నిండా చార్జ్ చేసి ప్యారలల్‌గా కలిపి, రెండు ఈఎస్‌సీలకూ అక్కడి నుంచే ఇవ్వండి. రెండిటిలోనూ బీఈసీ (రిసీవర్‌కు కరెంటిచ్చే భాగం) ఉంటే, రెండింటినీ రిసీవర్‌కు కలిపే వై-కేబుల్ దగ్గర ఒకదాని ఎర్ర వైరు తీసేయండి. థ్రాటిల్ క్యాలిబ్రేషన్ (ఈఎస్‌సీకి థ్రాటిల్ హద్దులు నేర్పడం) మాత్రం ఒక్కోదానికి విడివిడిగా చేయాలి. బరువంతా వెనకే ఉంటుంది కాబట్టి బ్యాటరీలను ముందుకు జరపండి. బరువు కేంద్రం ట్రాన్సమ్ (పడవ వెనక పలక) నుంచి పడవ పొడవులో సుమారు 30 శాతం దగ్గర ఉంటే ముక్కు ఎగిరెగిరి పడదు.

మీ డెడ్‌రైజ్ ఎంతో, మోటార్ల మధ్య ఎంత ఎడం ఇవ్వగలరో రాయండి, ఎత్తు లెక్క కట్టి చెప్తాను. మీ దగ్గరున్న కేబుళ్ల పురి మాత్రం ఈలోపే చూసి పెట్టుకోండి.