శృంగార పదాలు నలుగురిలో పాడవచ్చా?

క్షేత్రయ్య పదాలు, అంటే అభినయిస్తూ పాడే ఆయన శృంగార గీతాలు, నేర్చుకోవాలని ఉందనీ, వాటిలోని విషయాలు సభలో పాడదగ్గవేనా అన్న సంకోచం కలుగుతోందనీ అడిగారు. తప్పకుండా నేర్చుకోండి, సభలోనే పాడండి. వెలయాలు సొమ్ము సంగతి తేల్చుకోవడం ఆ పదాల్లో ఉంది. భర్త ఊళ్లో లేనప్పుడు నెల తప్పిన ఇల్లాలు, ఏదైనా వేరు వెతికి తెమ్మని అందుకు కారకుడైనవాణ్ణి నిలదీయడమూ ఉంది. పదిహేడో శతాబ్దపు కవి వీటిని దాచలేదు. మనమెందుకు దాచాలి?

నాకు సంకోచం పోయింది మోహన రాగంలోని ‘మగువ తన కేళికా మందిరము వెడలె’ నేర్చుకున్నప్పుడు. తెల్లవారింది, ఆమె పడకగది దాటి వస్తోంది. కథ అక్కడ మొదలవుతుంది. జడలో జారిన పూలదండ, చిక్కుపడిన కంఠహారం, కళ్లలో నిదురమబ్బు, తడబడే అడుగులు, రొమ్ము మీద నెలవంకల్లాంటి గోటి నొక్కులు. రాత్రి సంగతంతా ఈ ఆనవాళ్లే చెబుతాయి. హారం దగ్గర మా గురువుగారు నన్ను చాలాసేపు ఆపేశారు. ‘ఊరికే పూసలు విడదీస్తున్నావమ్మా. అది ఎలా చిక్కుపడిందో నీకు గుర్తు రావాలి’ అన్నారు. ఆ ఒక్క మాటతో అభినయం మారిపోయింది. నాయిక జీవాత్మ, నాయకుడు పరమాత్మ అన్న వ్యాఖ్యానం చెప్పుకోవచ్చు కానీ, దాన్ని ముసుగుగా కప్పితే ఆ మనిషే కనబడకుండా పోతుంది.

నన్నడిగితే, మన పెద్దలకు కోపం తెప్పించింది శృంగారం కాదు, దాన్ని ఆడది చెప్పడం. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన ‘రాధికాసాంత్వనం’ కావ్యం సంగతే చూడండి. తాను పెంచిన ఇళ అనే అమ్మాయిని కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, కొత్త పెళ్లికూతురి దగ్గర ఎలా మెలగాలో అతనికి తానే నేర్పిన రాధ, ఆ తర్వాత అసూయతో రగిలిపోతుంది. ఎంత నిజమైన కథ! మగ కవుల ప్రబంధాల్లో పచ్చి శృంగారాన్ని పండితులు తరతరాలుగా చదువుకుంటూనే వచ్చారు. ఇవి స్త్రీ నోట రాదగిన మాటలు కావని వీరేశలింగం పంతులుగారు ఈమెను మాత్రం తప్పుపట్టారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని ఎదురు ప్రశ్నించింది బెంగుళూరు నాగరత్నమ్మ. తిరువయ్యారులో త్యాగరాజుకు గుడి కట్టించిన విదుషీమణి ఆమె. పాత ముద్రణలో ఎగరగొట్టిన పద్యాలను తిరిగి చేర్చి 1910లో ఆమె అచ్చువేయిస్తే, మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రిగా) వచ్చాక గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఒక సభ నిర్వాహకులు నన్నూ పరకీయ పదం, అంటే పెళ్లయిన స్త్రీ పరపురుషుడితో చెప్పుకునే పదం, మానేసి ఏదైనా కీర్తన పాడమన్నారు. నేను ఒప్పుకోలేదు. మాట్లాడేది ఎవరు, ఎవరితో, ఏ వేళ అన్నది రెండు మాటల్లో ముందుగా చెప్పి పాడాను. ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడలే అందరికన్నా శ్రద్ధగా విన్నారు. మీరూ అలాగే చేసి చూడండి. వావిళ్లవారు అచ్చువేసిన ‘రాధికాసాంత్వనం’ ఏదైనా గ్రంథాలయంలో దొరికితే అందులో నాగరత్నమ్మ పీఠిక ముందుగా చదవండి.