వేలు ఒక లైన్ మీద, నోరు ఇంకో లైన్ మీద

ప్రశ్న: టీచర్ గారూ, మా పాప మా ఊరి జడ్పీ స్కూల్లో ఆరో తరగతి. తెలుగు వాచకం ఇస్తే వత్తు వచ్చిన ప్రతి చోటా ఆగిపోతుంది. మా తోడికోడలి కూతురు హైదరాబాద్‌లో ప్రైవేట్ స్కూల్, ఇద్దరూ నెల తేడాతో పుట్టారు, ఆ పిల్ల ఇంగ్లీష్ కథల పుస్తకాలు కూడా గడగడా చదివేస్తుంది. దసరాకి అందరం కలిసినప్పుడు మా అత్తమ్మ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చదివించింది, మా పిల్ల లేచి పెరట్లోకి పోయి ఏడ్చింది. మా పాపకి తెలివి తక్కువా? - ఒక అమ్మ, వనపర్తి జిల్లా

జవాబు: కాదమ్మా, కానే కాదు. 2025లో ఆరో తరగతికి వచ్చిందంటే మీ పాప ఒకటో తరగతిలో చేరాల్సింది 2020 జూన్‌లో, కానీ కరోనా వల్ల మార్చిలోనే బడులు మూశారు. సెప్టెంబర్ 1 నుంచి టీవీలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ళలో పాఠాలు మొదలుపెట్టారు, అవి మూడో తరగతి నుంచి పదో తరగతి వరకే, అక్షరాలు దిద్దాల్సిన ఒకటి రెండు తరగతుల వాళ్ళకి అవీ లేవు. 2021 ఫిబ్రవరిలో ముందు తొమ్మిది పది, తర్వాత ఆరు నుంచి ఎనిమిది తెరిచి మార్చిలో మళ్ళీ మూసేశారు, ఐదు లోపు పిల్లలు బడి గడప తొక్కింది 2021 సెప్టెంబర్ 1న. అంటే మీ పాప మొదటిసారి క్లాసులో కూర్చునేసరికే రిజిస్టర్లో రెండో తరగతికి వచ్చేసింది, ఒకటో తరగతి అనేది ఆ పిల్ల చూడనే లేదు. రోగం భయం నిజమే, మా ఊళ్ళో చావులు నేనూ చూశాను, కానీ వైన్ షాపులు 2020 మే 6నే తెరిచారు, పలక పట్టాల్సిన పిల్లలకి మాత్రం ఏడాదిన్నర పట్టింది, ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కడుపు రగిలిపోతుంది.

బడి తెరిచిన వారం నా క్లాసులో ఒక పిల్లోడు పాఠం మొత్తం ఆపకుండా చదివాడు, నాకు ఎంత సంతోషమో, దగ్గరికి వెళ్ళి చూస్తే వేలు ఒక లైన్ మీద ఉంది, నోరు ఇంకో లైన్ మీద ఉంది. పక్కింటి అక్క చదువుతుంటే విని బట్టీ పట్టాడు వాడు. అంత పాఠం విని గుర్తుపెట్టుకున్నోడికి తెలివి లేదని ఎట్లా అంటాం?

మీ పాప ఒక్కతే కాదు. ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగి పిల్లలతో చదివించి చూసే అసర్ సర్వే ఉంది కదా, దాని ప్రకారం తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో 18.1 శాతం, 2022కి 5.2 శాతం. ఆంధ్రాలో 22.6 నుంచి 10.3కి పడింది. కరోనాకి ముందే తక్కువ, ఉన్న ఆ కాస్తా కూడా పోయింది. ఆ 2022లో మూడో తరగతిలో ఉన్నది మీ పాప తోటివాళ్ళే.

మీ తోడికోడలి పిల్లకి స్కూల్ మూసినా చదువు ఆగి ఉండదు, జూమ్ క్లాసు, చేతికో ఫోన్, పక్కన కూర్చుని దిద్దించే మనిషి ఉండి ఉంటారు. మీరు అప్పుడు కూలికి పోయి ఉంటారు, ఫోన్ ఉన్నా మీతోనో మీ ఆయనతోనో పొలానికి పోయి ఉంటుంది. 2021 అసర్‌లో దేశం మొత్తం మీద స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్ళల్లో కూడా నాలుగో వంతు పిల్లల చేతికి అది అందనే లేదు. పరీక్షల్లేకుండా అందర్నీ పై తరగతికి పంపారు, ఆ పని తప్పు అనను, పిల్లల్ని ఫెయిల్ చేస్తే ఇంకా ఘోరం, కానీ పంపాక వెనక ఏం మిగిలిపోయిందో చూసి నేర్పాలి కదా, చిన్న తరగతుల పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు మొదట్నుంచి నేర్పే సర్కారు కార్యక్రమం తొలిమెట్టు మొదలైంది 2022 ఆగస్టులో, అప్పటికి మీ పాప మూడో తరగతి.

ఇప్పుడు ఆరో తరగతి వాచకం పక్కన పెట్టండి. స్కూల్లో అడిగి రెండో తరగతి వాచకం తెచ్చుకోండి. రోజూ ఇరవై నిమిషాలు చాలు. పేజీ మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి ఇది ఏంటి అని అడగండి, వరసగా చదవమనొద్దు, అప్పుడే బట్టీ ఏదో చదువు ఏదో తెలుస్తుంది. వత్తులు వారానికి రెండే, అమ్మ, అక్క, పువ్వు, బువ్వ లాంటి ఇంట్లో మాటలతో. మీకు చదువు రాకపోతే అయ్యో అనుకోకండి, పాపనే మీకు నేర్పమనండి. చుట్టాల ముందు మాత్రం ఇంకెప్పుడూ చదివించనివ్వకండి, అత్తమ్మకి మీరు చెప్పలేకపోతే ఈ పేజీ చదివి వినిపించండి.

ప్రశ్న: మేడం, కరోనా ఏడాది ఫీజు 18 వేలు బాకీ అని బాబు టీసీ ఆపారు, ఏడో తరగతి. గవర్నమెంట్ స్కూల్లో టీసీ లేకుండా చేర్చుకుంటారా? - ఆటో డ్రైవర్, కరీంనగర్

జవాబు: చేర్చుకోవాలి. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 5, ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందని సర్కారు బడిలో అడ్మిషన్ ఆపడానికి వీల్లేదు. రేపే బాబుని తీసుకెళ్ళి కూర్చోబెట్టండి తమ్ముడూ, హెడ్‌మాస్టర్ కాదంటే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కాగితం రాసిచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. ఇంకోటి, ఆ ఏడాది నెలనెలా ట్యూషన్ ఫీజు తప్ప ఇంకేం వసూలు చేయొద్దని, పెంచొద్దని జీవో 46 ఉంది, 18 వేలల్లో ఏమేం కలిపారో రాసిమ్మనండి.

ప్రశ్న: టీచర్, నేను 2020లో ఎనిమిది చదువుతుండగా ఆగిపోయాను. ఇంట్లో ఒక్కటే ఫోన్, తమ్ముడికి ఇచ్చారు, నేను పత్తి ఏరడానికి పోయాను. బడి తెరిచాక కూడా పంపలేదు. ఇప్పుడు పది రాయొచ్చా? సిగ్గుగా ఉంది.

జవాబు: రాయొచ్చు బిడ్డా. ఓపెన్ స్కూల్లో పద్నాలుగు నిండినవాళ్ళు ఎవరైనా పదో తరగతి రాయొచ్చు, ఐదు సబ్జెక్టులు, ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్ళీ రాయాలి, పాసైనవి అట్లనే ఉంటాయి. సర్టిఫికెట్‌కి మామూలు పదితో సమానం విలువ. స్టడీ సెంటర్ మీకు దగ్గర్లో ఎక్కడ ఉందో కనుక్కో. ఆధార్, రెండు ఫోటోలు, నీ పాత బడి రికార్డ్ షీట్ పట్టుకుని వెళ్ళు, సిగ్గనిపిస్తే తమ్ముడిని తోడు తీసుకుపో, లెక్కలు వాడినే చెప్పమను.