కరెంటు లేని క్యాబిన్‌కి ఈ వయసులో వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం అమెరికాలో, మినెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్‌లో ఉంటుంది. ఏటా వేసవిలో ఈలీ అనే ఊరి దగ్గర, అడవిలో సరస్సు ఒడ్డున ఒక క్యాబిన్ అద్దెకు తీసుకుని వారం రోజులు గడుపుతారు. ఈ జులైలో మేం అక్కడే ఉంటాం కాబట్టి మమ్మల్నీ రమ్మంటున్నారు. కరెంటు లేదట, ఫోన్ పలకదట, బాత్రూమ్ బయటట. ఎలుగుబంట్లు కూడా ఉంటాయట! మా వారికి షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు. రాలేమంటే కోడలు నొచ్చుకుంటుందేమో. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వెళ్లండమ్మా. కాకపోతే మీరు దేనికి భయపడాలో దానికి భయపడటం లేదు.

ముందు మీ అబ్బాయిని ఒక్క మాట అడగండి: క్యాబిన్ గుమ్మం దాకా కారు వెళ్తుందా, లేక పడవెక్కాలా? ఆ వైపు రెండు రకాలూ ఉన్నాయి. ఈలీ పక్కనే బౌండరీ వాటర్స్ అని పది లక్షల ఎకరాలకు పైగా రక్షిత అడవి ఉంది. అందులో వెయ్యికి పైగా సరస్సులు, చాలావాటిలో మోటారు పడవలకు అనుమతే లేదు. కారు వెళ్లే చోటైతే వారమంతా ఉండండి. తెడ్డేసుకుంటూ వెళ్లాల్సిన చోటైతే ఇన్సులిన్ మనిషిని తీసుకుని నేనైతే వెళ్లను. అంత దూరం లేని ఇంకో క్యాబిన్ చూడమనండి. ఈలీలో చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడికి ఎంతసేపు పడుతుందో కూడా అడగండి.

ఇన్సులిన్ గురించి మరీ టెన్షన్ వద్దు. కరెంటు లేని క్యాబిన్లలో చాలావాటికి గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉంటుంది. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాలు 30 డిగ్రీల లోపు నాలుగు వారాల దాకా బయటే ఉంటాయి. మీ పెట్టెలో వచ్చే కాగితం చూసి, డాక్టర్‌ని ఒకసారి అడగండి. ఐస్ పెట్టెలో పెడితే మాత్రం ఐస్‌కి తగలనివ్వకండి, గడ్డకడితే పనికిరాదు. గ్లూకోజ్ జేబులోనే ఉండాలి. అక్కడ ఒడ్డంతా రాళ్లు కాబట్టి ఆయన్ని చెప్పుల్లేకుండా తిరగనివ్వొద్దు.

ఎలుగుబంట్లా? ఉన్నాయి, నల్లవి. వాటిక్కావలసింది మీరు కాదు, మీ వంట. తాలింపు లోపల ఎంతైనా పెట్టుకోండి, కానీ మిగిలిన అన్నం కాకులకు వేసే మన అలవాటు అక్కడ మానండి. చెత్త రాత్రి బయట ఉంచకండి. అలాగే అంట్లు సరస్సులో తోమొద్దు. నీళ్లు తోడుకుని ఒడ్డుకు దూరంగా తోముకోవాలి. ఆ నీళ్లు కాస్త గోధుమరంగులో ఉంటాయి. బురద నేలల్లో కుళ్లిన ఆకుల రంగు అది, మురికి కాదు. అయినా మరగకాచందే తాగకూడదు.

అసలు భయపడాల్సింది ఆ నీళ్లకే. జులైలో పైపైన హాయిగానే ఉంటుంది, కాస్త లోతుకు వెళ్తే చలి పట్టేస్తుంది. బల్లకట్టు, అంటే ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన చెక్క వంతెన, దాని చివర అకస్మాత్తుగా లోతు ఉండొచ్చు. పదేళ్లలోపు పిల్లలు పడవలో లైఫ్ జాకెట్ వేసుకోవడం మినెసోటాలో చట్టం. మా ఇంట్లో బల్లకట్టు మీదా అదే చట్టం. “అందరం చూస్తున్నాం కదా” అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. గంటకొకరు వంతు వేసుకోవాలి.

దోమలు ఘోరం. సాయంత్రం నిండా చేతుల చొక్కా, సాక్సులు వేసుకోండి. పడుకునే ముందు మోకాళ్ల వెనక, చంకల్లో పిడుదులు పట్టాయేమో చూసుకోండి. జింకల పిడుదు వల్ల లైమ్ జబ్బు వస్తుంది. కనిపిస్తే పట్టకారుతో నిటారుగా లాగేయండి, నూనెలూ అగ్గిపుల్లలూ వద్దు.

బాత్రూమ్ సంగతి దాచకుండా చెప్తా. రాత్రిపూట బయటికి వెళ్లకండి. మూతున్న బకెట్ ఒకటి గదిలో పెట్టించుకోండి. మా అత్తగారు మొదట సిగ్గుపడి, తర్వాత ఆ బకెట్ లేనిదే బయల్దేరేవారు కాదు. పగలు స్నానానికి చాలాచోట్ల ఆవిరి గది ఉంటుంది. ఇనుప గనుల్లో పనికి వచ్చిన ఫిన్లాండ్ వాళ్లు పెట్టిపోయిన అలవాటు. మీ వారు డాక్టర్‌ని అడక్కుండా అందులో కూర్చోవద్దు.

ఇంకో సంగతి, అక్కడ జులైలో పొద్దు తొమ్మిదికి గానీ వాలదు. సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలో తెలియక మా అత్తగారు తికమకపడి, చివరికి గడియారం చూసి ఏడింటికి పెట్టేశారు. రాత్రి నీళ్ల మీంచి ఎవరో ఏడ్చినట్టు వినిపిస్తే భయపడకండి. అది లూన్ అనే పక్షి, ఆ రాష్ట్ర పక్షి కూడా. కాజీపేట రైల్వేలో రిటైరైన మా మామగారు మొదటి రోజంతా “పేపర్ రాదా?” అని అడిగి, తర్వాత మనవళ్లకు పేకాట నేర్పారు. బెర్రీలు జులై మధ్యనుంచి దొరుకుతాయి, పిల్లల్తో మీరూ వెళ్లి కోయండి. మీ వారు గాలం వేస్తానంటే లైసెన్స్ కావాలి, ముందే తీయించండి.

కోడలికి కబురు కొడుకుతో కాదు, మీరే ఫోన్ చేసి చెప్పండి. కందిపొడి, ఆవకాయ ఎంత తేవాలో ఆమెనే అడగండి.