నిఘంటువు అచ్చైతే భాష నిలుస్తుందా?

ప్రశ్న: సైబీరియాలో వెయ్యి మంది కూడా లేని జాతుల తుర్కిక్ భాషలకు (టర్కీ భాషకు బంధువులైన వాటికి) సైతం రష్యన్ అర్థాలతో నిఘంటువులు ఉన్నాయని చదివాను. మాట్లాడేవారే కరవైనప్పుడు అవి ఎవరికి ఉపయోగం? వాటి వల్ల భాష నిలుస్తుందా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నిఘంటువు ఒక్కటే ఏ భాషనూ నిలబెట్టలేదు. అయినా అది వృథా ప్రయాస కాదని చెప్పడానికి మీరు చెప్పిన ఆ చిన్న తుర్కిక్ భాషల్లో ఒకటైన తోఫాను చూపిస్తాను. ఇర్కూత్స్క్ ప్రాంతంలోని తూర్పు సయాన్ కొండల్లో, ప్రధానంగా మూడు ఊళ్లలో, తోఫాలు నివసిస్తున్నారు. వేట మీద, రెయిన్‌డీర్ల పెంపకం మీద బతుకుతూ కొండల్లో తిరిగే వీరిని సోవియట్ ప్రభుత్వం 1930 ప్రాంతంలో ఊళ్లలో స్థిరపరచింది. ఆ తరవాత బడిలోకి వచ్చిన రష్యన్ క్రమంగా ఇంట్లోకీ వచ్చింది.

ఈ భాషకు 1980ల చివరి వరకు లిపి లేదు. 1960ల నుంచి తోఫాల మధ్య పనిచేసిన భాషావేత్త వలెంతిన్ రసాదిన్ రష్యన్ రాసే సిరిలిక్ అక్షరాలతో లిపి కూర్చి, 1995లో తోఫా–రష్యన్, రష్యన్–తోఫా నిఘంటువును వెలువరించారు. ఆ పని ఎంత సున్నితమైనదో రెండు మాటలు చాలు చెప్పడానికి. ‘అత్’ అంటే పేరు. అదే అచ్చును గొంతు బిగించి పలికితే గుర్రం. రష్యన్ చెవికి రెండూ ఒకటే. లిపిలో ఆ బిగింపుకు ఒక గుర్తు కేటాయించబట్టే ఆ తేడా కాగితం మీద మిగిలింది.

అర్థం చెప్పడం ఇంకా కష్టం. తోఫాలో ‘చారీ’ అంటే అయిదేళ్ల వయసున్న, విత్తు కొట్టిన, స్వారీకి పనికొచ్చే మగ రెయిన్‌డీర్. దాని ఎదుట ‘రెయిన్‌డీర్’ అని మాత్రమే రాస్తే, మన ‘కోడె’కు ‘పశువు’ అని అర్థం రాసినట్టే అవుతుంది. మాటకు మాట అప్పగించి ఊరుకోక, ఆ మాట వెనకనున్న బతుకును ఒకటి రెండు వాక్యాల్లో విప్పి చెప్పే నిఘంటువే చిన్న భాషలకు కావాలని నా గట్టి నమ్మకం. ఎందుకంటే మందలు తరిగి, కాపరులు పోయాక, ఆ మాటను అడిగి తెలుసుకోవడానికి మరొకరు ఉండరు.

ఎవరికి ఉపయోగమని అడిగారు. తోఫా–రష్యన్ భాగం పండితులకు ఎక్కువ అక్కరకొస్తుంది. రష్యన్–తోఫా భాగం మాత్రం అవ్వ మాట్లాడిన భాషను రష్యన్ నుంచి వెనక్కి వెతుక్కునే మనవలది. నాకు ఆ రెండో భాగమే ముఖ్యం.

నిలవడం సంగతికి వస్తే, ఎద్వార్ద్ పెకార్స్కీ అనే పోలండ్ జాతీయుడు 1881లో ఈశాన్య సైబీరియాలోని యకూతియాకు ప్రవాస శిక్ష మీద వెళ్లి, అక్కడి తుర్కిక్ భాష అయిన యకూత్‌కు 1907 నుంచి 1930 వరకు భాగాలుగా వెలువడిన బృహత్తర నిఘంటువును కూర్చారు. ఆ భాషను నేటికీ లక్షల మంది మాట్లాడుతున్నారంటే, అందుకు కారణం పిల్లలు దాన్ని ఇంట్లో వింటూ పెరగడమే. మీ జిల్లాకు బాగా తెలిసిన గిడుగు రామమూర్తి గారు కూడా సవర పిల్లలకు ముందు బడులు పెట్టి, వాచకాలు రాసి, ఆ తరవాతే సవర నిఘంటువులను అచ్చుకెక్కించారు. తోఫాకు లిపి, వాచకం, నిఘంటువు వచ్చేసరికి, ఇళ్లలో పిల్లలతో ఆ భాష మాట్లాడే తల్లులు దాదాపు లేకుండా పోయారు.